ఎనిమిది వాట్ల పంపు

జూలై వస్తే ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్ళో చేపల తొట్టి ఉన్నవాళ్ళకి ఒక సందేహం పట్టుకుంటుంది. హీటర్ ప్లగ్గు ఎప్పుడో పీకేశారు. గదిలో 26 డిగ్రీలు. తొట్టి మీద ఎండ పడదు, పైనున్నది ఎల్ఈడీ లైటు. అయినా నీళ్ళలో వేలాడే థర్మామీటర్ 28 దగ్గర నిలబడి ఉంది. ఆ రెండు డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చినట్టు? లైటు వల్ల కొంత వచ్చి ఉంటుంది. మిగతాది తెచ్చిపెట్టిన యంత్రం తొట్టి కింద అరలో, తలుపు వెనక, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత మెల్లగా తిరుగుతోంది.

ఇంట్లో ఉన్న మోటార్లలో మిక్సీ రోజుకి కొన్ని నిమిషాలు తిరుగుతుంది. వాషింగ్ మెషీన్ బట్టలు పోగైనప్పుడు తిరుగుతుంది. ఫ్రిజ్ కూడా మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటుంది. అక్వేరియం పంపుకి ఆ విరామం లేదు. ఏడాదికి 8,760 గంటలు, నిమిషానికి 3,000 చుట్ల చొప్పున తిరుగుతుంది. లెక్క కడితే ఏడాదికి 157 కోట్ల చుట్లు పైమాటే. అదీ నీళ్ళలో మునిగి, చుక్క నూనె లేకుండా. ఇంత చాకిరీ చేసే వస్తువుని విప్పి చూసినవాళ్ళు తక్కువ. నేను విప్పి చూసిన కొద్దీ నాకు గౌరవం పెరిగింది. దాని పనితనమంతా తెలిసేది అది తోసే నీళ్ళలో కంటే, అది పుట్టించే వేడిని ఎటు పంపిస్తుందో గమనించినప్పుడు.

మాట్లాడుకోవడానికి ఒక పంపు కావాలి కాబట్టి అందరికీ తెలిసినదాన్నే తీసుకుంటాను: ఏహైమ్ క్లాసిక్ 2213. తొట్టి బయట, కింద అరలో నిలబెట్టే గుండ్రటి డబ్బా ఫిల్టర్ ఇది. డబ్బా నెత్తి మీద మోటారు. వాడే కరెంటు 8 వాట్లు. అడ్డేమీ లేకపోతే గంటకు 440 లీటర్ల నీళ్ళు తిప్పుతుంది, గొట్టం నిలువుగా పెడితే మీటరున్నర ఎత్తుదాకా నెట్టగలదు. జర్మనీలో గుంథర్ ఏహైమ్ 1949లో పెట్టిన సంస్థ మొదట్లో బొమ్మలు కూడా చేసేది. పైతీగల నుంచి కరెంటు అందుకుని నడిచే బుల్లి ట్రాలీబస్సులు వాళ్ళ సరుకే. రీడింగ్ వీధుల్లో అసలైన ట్రాలీబస్సులు 1936 నుంచి 1968 దాకా తిరిగాయి కాబట్టి ఈ ఊళ్ళో కూర్చుని ఆ సంగతి చదివితే కాస్త దగ్గరగా అనిపిస్తుంది. వేలెడంత మోటారుని నమ్మకంగా తిప్పే విద్య వాళ్ళ చేతుల్లో బాగా ఆరితేరిందని నా నమ్మకం. తొట్టి బయటే ఉండి నీళ్ళని పీల్చి, వడకట్టి, తిరిగి పంపే మూతబిగించిన ఫిల్టర్‌ని వాళ్ళు తెచ్చింది 1963లో.

ముందు నీళ్ళ దారి చూడండి. తొట్టిలోంచి దిగిన నీళ్ళు డబ్బా అడుగున ప్రవేశిస్తాయి. స్పాంజీ, పింగాణీ గొట్టపుముక్కలు, దూది, ఒక్కో పొరా దాటుకుంటూ పైకి లేస్తాయి. అన్నీ దాటాకే పంపుని చేరతాయి. అంటే పంపు రెక్కలకి తగిలేది అప్పటికే వడకట్టిన నీళ్ళు. ఆకు ముక్క గానీ ఇసుక రవ్వ గానీ అక్కడిదాకా రాదు. పంపుని ముందు పెట్టి మురికి నీళ్ళు తోయించినా ఫిల్టర్ పని జరిగేదే, పంపు ఆయుష్షు మాత్రం సగమయ్యేది. ఎక్కడ పెట్టాలన్న ఒక్క నిర్ణయంతో ఏళ్ళ అరుగుదల తప్పించారు.

ఇక తల విప్పితే కనిపించేవి మూడు వస్తువులు. వేలంత పొడవున్న నల్లటి అయస్కాంతం, దాని నెత్తిన రెక్కల చక్రం, రెండిటి నడిమధ్య నుంచి పోయే తెల్లటి సన్నని ఇరుసు. ఇరుసు తిరగదు. రెండు కొసలా చిన్న రబ్బరు టోపీల్లో కూర్చుని ఉంటుంది, దాని చుట్టూ అయస్కాంతం తిరుగుతుంది. ఆ రబ్బరు టోపీలే అదురుని మింగేస్తాయి. పంపు చప్పుడు చేయకపోవడానికి సగం కారణం అవి. ఇరుసు పింగాణీది, అల్యూమినియం ఆక్సైడ్. తుప్పు పట్టదు, అరగదు. కింద పడితే మాత్రం ఠక్కున విరుగుతుంది. అయస్కాంతం ఫెరైట్, అంటే ప్రధానంగా ఐరన్ ఆక్సైడ్. ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు 1950ల మొదట్లో ఈ రకం అయస్కాంతాన్ని లోకానికి అందించారు. అప్పటికే తుప్పుగా మారిన ఇనుములాంటిది కాబట్టి దీనికి కొత్తగా తుప్పు పట్టేదేమీ లేదు. కరెంటుని పారనివ్వదు కాబట్టి తనలో తాను వేడెక్కదు కూడా. నీళ్ళలో పెట్టడానికి ఇంతకంటే మంచి అయస్కాంతం ఆ ధరకి దొరకదు.

రాగి కాయిల్స్ మనకి కనపడవు. పలచని ఉక్కు రేకులు పేర్చి చేసిన యు ఆకారపు దిమ్మ, దాని కాళ్ళకి చుట్టిన తీగ, అంతా రెసిన్‌లో పోతపోసి గడ్డకట్టించారు. కరెంటుకీ నీళ్ళకీ మధ్య ఉన్నది ఆ రెసిన్, ఒక ప్లాస్టిక్ గోడ. ఆ గోడని దాటేది అయస్కాంత క్షేత్రం ఒక్కటే. ఇరుసు దాటదు, బోల్టు దాటదు, తీగ దాటదు. మామూలు మోటారు పంపులో తిరిగే ఇరుసు గోడని చీల్చుకుని వస్తుంది. అక్కడ సీలు పెట్టాలి, ఆ సీలు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. ఇక్కడ రంధ్రమే లేదు కాబట్టి కారే మాటే లేదు. మన పొలాల్లో బోరుబావిలోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటారు కూడా నీళ్ళలో ఉండే చల్లబడుతుంది. కానీ దానికి ఇరుసు సీలు తప్పదు. ఈ చిన్నది ఆ ఒక్క విషయంలో పెద్దన్నని మించింది.

మొదలవడం చూడాల్సిన ముచ్చట. ఇలాంటి మోటారుకి ఎటు తిరగాలో తెలియదు. కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది, అయస్కాంతం దాన్ని అందుకోవాలి. నిశ్చలంగా ఉన్న అయస్కాంతం ఒక్కసారిగా 3,000 చుట్ల వేగాన్ని అందుకోలేదు. అందుకని ఉక్కు ధ్రువాల లోపలి అంచుని రెండు పక్కలా సమానంగా చెక్కరు. ఆ తేడా వల్ల, కరెంటు ఆగినప్పుడు అయస్కాంతం సరిగ్గా ధ్రువాలకి ఎదురుగా కాకుండా కాస్త ఒరిగి ఆగుతుంది. మళ్ళీ కరెంటు రాగానే అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ ఊపు పెరుగుతుంది, ఏదో ఒక క్షణాన ఒక దిశలో లయ అందుకుని తిరగడం మొదలెడుతుంది. ఆ కొట్టుకునే కాసేపు నీళ్ళ బరువు కూడా మీద ఉంటే లేవలేదు. దానికీ ఒక ఉపాయం చేశారు. రెక్కల చక్రాన్ని అయస్కాంతానికి బిగించకుండా వదులుగా తగిలించారు. అయస్కాంతం కొంత దూరం ఒంటరిగా తిరిగి, ఊపందుకున్నాక, లోపలి కొక్కెం తగిలి చక్రాన్ని వెంట తీసుకుపోతుంది. పంపు ఆపి, చక్రాన్ని వేళ్ళతో తిప్పి చూస్తే ఆ వదులు తెలుస్తుంది. తెలియనివాళ్ళు విరిగిపోయిందనుకుంటారు. ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం కాబట్టి రెక్కలు వంపు లేకుండా నిటారుగా ఉంటాయి. ఎటు తిరిగినా నీళ్ళు బయటికే విసురుతాయి. వంపు రెక్కలైతే నీళ్ళు ఎక్కువ తోసేవి, కానీ తప్పు దిశలో మొదలైన రోజున పని చెడేది. కొంత సామర్థ్యం వదులుకుని భరోసా కొనుక్కున్నారు. కొన్ని కంపెనీలు తర్వాత్తర్వాత వెనక్కి తిరగకుండా చిన్న అడ్డు పెట్టి వంపు రెక్కలు వాడాయి. నాకు నిటారు రెక్కలంటేనే ఇష్టం.

ఆ వదులుకున్న సామర్థ్యం దగ్గరే వేడి కథ మొదలవుతుంది. గంటకు 440 లీటర్లనీ మీటరున్నర ఎత్తునీ ఒకేసారి ఇవ్వదు ఏ పంపూ. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఎక్కడ కొలిచినా నీటికి అందే యాంత్రిక శక్తి ఒక్క వాట్‌కి లోపే. మిగతా ఏడు వాట్లకి పైగా రాగి తీగలో, ఉక్కు రేకుల్లో, ఇరుసు రాపిడిలో, రెక్కల చుట్టూ సుడుల్లో అక్కడికక్కడే వేడైపోతుంది. మరి నీళ్ళని తోసిన ఆ ఒక్క వాట్? అదీ అంతే. పైపు మూతి నుంచి దూకిన ధార తొట్టిలో పదిహేను అంగుళాలు పోయేసరికి సుడులుగా విడిపోతుంది, సుడులు చిన్న సుడులవుతాయి, చివరికి నీటి జిగటలో కరిగి వేడిగా మిగులుతాయి. నీళ్ళని కదిలించడం అంటే నిదానంగా కాచడమే.

ఈ మాటని తూకం వేసి నిరూపించినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, మాంచెస్టర్ పక్క సాల్ఫర్డ్‌లో బీరు కాచే కుటుంబంలో పుట్టినవాడు. రీడింగ్‌లో రైలెక్కితే అరగంటలో దిగే ఆక్స్‌ఫర్డ్‌లో 1847 జూన్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభ జరిగింది. అక్కడ జౌల్ తన తెడ్డు చక్రం ప్రయోగం గురించి చెప్పాడు. రాగి పాత్రలో నీళ్ళు, అందులో ఇత్తడి తెడ్లు, తాడుకి కట్టిన బరువులు కిందికి దిగుతుంటే తెడ్లు తిరుగుతాయి. నీళ్ళు తెడ్లతో పాటు ఊరికే గుండ్రంగా తిరగకుండా పాత్ర గోడలకి కదలని పలకలు బిగించాడు. ఆ పలకల్లో చేసిన ఖాళీల్లోంచి తెడ్లు దూసుకుపోయేవి. అది కూడా చూసి మెచ్చుకోవాల్సిన పనితనమే. బరువుల్ని మళ్ళీ మళ్ళీ పైకెత్తి దించితే నీళ్ళు పెరిగింది సుమారు అర డిగ్రీ ఫారెన్‌హీట్. దాన్ని తప్పు లేకుండా చదవగల థర్మామీటర్ అతని దగ్గరుంది. ఒక పౌండు నీటిని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వేడి చేయడానికి 772 పౌండ్ల బరువు ఒక అడుగు దిగాలని 1850లో ప్రకటించాడు. తర్వాత మరింత జాగ్రత్తగా కొలిచి తేల్చిన 772.55 అన్న అంకె అతని సమాధి రాతి మీద చెక్కి ఉంది. ప్రతి చేపల తొట్టిలోనూ ఆ ప్రయోగం రాత్రింబవళ్ళు జరుగుతోంది, బరువుల బదులు కరెంటుతో.

జౌల్ పేరు పెట్టిన కొలతతోనే మన తొట్టి లెక్క వేద్దాం. 80 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు ఉన్న తొట్టిలో రాళ్ళూ ఇసుకా పోను 100 లీటర్ల నీళ్ళు పడతాయనుకోండి. ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 419 కిలోజౌల్స్ కావాలి. 8 వాట్ల పంపు గంటకు 29 కిలోజౌల్స్ ఇస్తుంది. వేడి ఎటూ పోకపోతే పద్నాలుగున్నర గంటలకి ఒక డిగ్రీ. పది రోజులకి 16 డిగ్రీలు దాటాలి, చేపలు ఉడికిపోవాలి. అలా జరగదు. నీళ్ళు గది కంటే వెచ్చబడ్డ మరుక్షణం అద్దాల్లోంచి వేడి బయటికి జారడం మొదలవుతుంది. మూతపెట్టిన ఈ సైజు తొట్టి గదికంటే ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే సుమారు ఆరు వాట్లు పోగొట్టుకుంటుంది. అద్దం వైశాల్యం నుంచి నేను వేసిన అంచనా ఇది. ఆ లెక్కన 8 వాట్లు మొత్తం నీళ్ళలోకే వెళితే తొట్టి గదికంటే డిగ్రీ పైచిల్లర వెచ్చగా స్థిరపడుతుంది. నీళ్ళలో మునిగి పనిచేసే 28 వాట్ల పంపు పెడితే నాలుగున్నర డిగ్రీల పైమాటే. పంపు కొనేవాళ్ళు అది గంటకి ఎన్ని లీటర్లు తోస్తుందో చూస్తారు. డబ్బా మీద దాని పక్కనే ఉండే వాట్ల అంకె చేపలకి అంతకంటే ముఖ్యం.

ఇక్కడే బయట ఉండే ఫిల్టర్ పనితనం తెలుస్తుంది. మునిగిన పంపుకి తన వేడిని పంపడానికి నీళ్ళు తప్ప వేరే దారి లేదు, ప్రతి వాటూ తొట్టిలోకే. డబ్బా ఫిల్టర్‌లో మోటారు తల గాలిలో ఉంటుంది. కాయిల్స్ వేడిలో కొంత రెసిన్ గుండా పైకి, గదిలోకి పోతుంది. కొంత గోడ గుండా నీళ్ళలోకి పోతుంది. పైగా డబ్బా, గొట్టాలు కూడా గాలికి తగిలే పైతలాలే కదా, తొట్టి వెచ్చగా ఉన్నప్పుడు అవి వేడిని బయటికి వదులుతాయి. ఒకే యంత్రం ఒక చేత్తో వేడి పోస్తూ ఇంకో చేత్తో తోడేస్తోంది. అర తలుపు మూసి ఉంచితే ఆ తోడేసే చెయ్యి ఆగిపోతుంది, లోపలి గాలి వెచ్చబడి అక్కడే కూర్చుంటుంది. వేసవిలో ఆ తలుపు తెరిచి ఉంచమని నా సలహా.

చలికాలం సంగతి వేరు. రీడింగ్‌లో జనవరి రాత్రి, సెంట్రల్ హీటింగ్ తగ్గించి పడుకున్నాక గది 18 డిగ్రీలకి వస్తుంది. తొట్టిలో 25 ఉండాలి. ఏడు డిగ్రీల తేడాకి 42 వాట్లు కావాలి. పంపు 8 ఇస్తే హీటర్ మిగతా 34 ఇస్తుంది. పంపు తీసేస్తే హీటరే 42 ఇస్తుంది. థర్మోస్టాట్ కాపలా ఉన్నంతకాలం పంపు వల్ల తొట్టి వేడి రవ్వంత కూడా మారదు. మారేది హీటర్ వెలిగే సమయం. పంపు నీళ్ళని వేడెక్కిస్తుందా అనే ప్రశ్నకి నెలని బట్టి జవాబు మారడం ఇందుకే. అయితే చలికాలంలో పంపు ఇంకో పని చేస్తుంది, అది వాట్లలో తేలదు. హీటర్ చుట్టూ వెచ్చబడ్డ నీళ్ళు తేలికై పైకి పోతాయి, అడుగున చల్లటి నీళ్ళు కదలకుండా ఉంటాయి. పంపు ధార రెంటినీ కలుపుతుంది. అందుకే తెలిసినవాళ్ళు హీటర్‌ని ధార తగిలే చోట పెడతారు.

నీటి రాశి పెద్దదైతే వేడి మెల్లగా మారుతుందన్న ఆలోచన కొత్తదేం కాదు. లండన్ జూలో 1853లో తెరిచిన చేపల శాల లోకంలో మొదటి పబ్లిక్ అక్వేరియం. 1871లో క్రిస్టల్ ప్యాలెస్‌లో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ కట్టించిన అక్వేరియంలో జనం చూసే తొట్లకంటే ఎన్నో రెట్లు పెద్ద నీటి గిడ్డంగి కింద చీకట్లో ఉండేది. పంపులు ఆ చల్లటి నీళ్ళని పైకి తోడుతూ తిప్పుతూ ఉండేవి. ఇంట్లో అలాంటి గిడ్డంగి ఎవరికీ ఉండదు. 100 లీటర్లంటే చాలా చిన్న నీరు. దీనికి ఎదురుగా మన భీమవరం రొయ్యల చెరువుని పెట్టి చూడండి. అక్కడా ఏరియేటర్లు తెడ్లతోనే నీళ్ళు చిలుకుతాయి, అచ్చం జౌల్ తెడ్ల లాగే. ఎకరం చెరువు, మీటరున్నర లోతు, అంటే 60 లక్షల లీటర్లు. ఒక్కొక్కటి 2 హార్స్‌పవర్ చొప్పున నాలుగు ఏరియేటర్లు రాత్రి పది గంటలు తిరిగాయనుకుందాం. ఆ శక్తంతా వేడిగా నీళ్ళలోనే మిగిలినా పెరిగేది డిగ్రీలో వందో వంతు కూడా కాదు. రైతుకి ఆ వేడి లెక్కలోకే రాదు, తెల్లవారుజామున పడిపోయే ఆక్సిజన్ ఒక్కటే లెక్క. చిన్న తొట్టిలో రెండూ లెక్కే.

ఎందుకంటే వేడి పెరిగితే నీళ్ళు ఆక్సిజన్‌ని పట్టి ఉంచలేవు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 9.1 మిల్లీగ్రాములు కరుగుతుంది, 25 దగ్గర 8.3, 30 దగ్గర 7.6. అదే సమయంలో చేప ఒంట్లో వేగం పెరిగి, దానికి కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువవుతుంది. బ్రిటన్‌లో 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఎర్ర ఇటుకల మధ్య బూడిదరంగు ఇటుకలు పేర్చి కట్టిన రీడింగ్ పాత వరస ఇళ్ళలో ఏసీలు ఉండవు, గోడలు పగలు మింగిన వేడిని రాత్రి వదులుతాయి. ఏడాదికొక గీత చొప్పున నీలం నుంచి ఎరుపుకి మారే వాతావరణ చారల బొమ్మని 2018లో గీసిన ఎడ్ హాకిన్స్ ఈ ఊరి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తే. ఆ చారల కుడి కొసలో బతుకుతున్న చేపకి పంపు తెచ్చే ఒక డిగ్రీ చిన్న విషయం కాదు.

అప్పుడు ఆదుకునేది ఇంకో రకం పంపు, బుడగల పంపు. పెద్ద ఫిల్టర్ ముందు దీన్ని చవకబారు సరుకుగా చూస్తారు. నేను ఒప్పుకోను. దీని మోటారులో అసలు తిరిగేదే లేదు. ఒక విద్యుదయస్కాంతం, దాని ఎదురుగా చిన్న అయస్కాంతం బిగించిన సన్నని చెయ్యి, ఆ చెయ్యి కొసన రబ్బరు తిత్తి. కరెంటు లయకి చెయ్యి సెకనుకు 50 సార్లు ఊగుతుంది, తిత్తి నొక్కుకుని విచ్చుకుంటుంది, పలచటి రబ్బరు రెప్పలు గాలిని ఒకే దారిన పంపుతాయి. రెండు మూడు వాట్లు. ఆ కాయిల్ వేడంతా తొట్టి బయటే. లోపలికి వెళ్ళేది గది గాలి మాత్రమే. ఆ గాలి పైకి లేచి నీటి పైతలాన్ని పగలగొడుతుంది, ఆవిరి పెరుగుతుంది. ఆవిరైన ప్రతి లీటరూ సుమారు 2.45 మెగాజౌల్స్ పట్టుకుపోతుంది. రోజుకి ఒక లీటరు ఆవిరైతే అది 28 వాట్లతో సమానం. పైన చెప్పిన పెద్ద మునుగుడు పంపు పోసే వేడంతటినీ రోజుకొక లీటరు ఆవిరి మోసుకుపోతుందన్న మాట. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. గాలి తేమగా ఉంటే ఆవిరి తగ్గుతుంది. విశాఖలో కుండ నీళ్ళు హైదరాబాద్‌లో అంత చల్లబడవు, తొట్టీ అంతే. రీడింగ్ వేసవి గాలి ఈ విషయంలో చాలా రోజులు కలిసొస్తుంది. మూత తీసి, ఫిల్టర్ పైపు మూతిని కాస్త పైకి తిప్పి నీటి మీద అలలు లేపినా ఇదే ఫలితం. తగ్గిన నీళ్ళని క్లోరిన్ విరిచిన నీళ్ళతో భర్తీ చేస్తూ ఉండాలి. గాలి పంపుని నీటి మట్టం కంటే పైన పెట్టాలి, లేదా గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వ్ బిగించాలి. కరెంటు పోతే గొట్టం గుండా నీళ్ళు వెనక్కి జారి పంపులోకి దిగుతాయి.

ఈ ఊరి నీళ్ళ గురించి చెప్పకపోతే పంపు గురించి సగమే చెప్పినట్టు. కెన్నెట్ నది సుద్దరాతి గుట్టల మీంచి వచ్చి ఇక్కడ థేమ్స్‌లో కలుస్తుంది. ఈ ప్రాంతపు కుళాయి నీళ్ళలో ఆ సున్నం నిండుగా ఉంటుంది. కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది. పంపులో ఆ పొర ఏరికోరి చేరేది అయస్కాంతం తిరిగే బావిలో, ఇరుసు మీద. కాయిల్స్ గోడ వెచ్చగా ఉండేది అక్కడే, సున్నం విడివడేది వెచ్చటి చోటే. అయస్కాంతానికీ గోడకీ మధ్య ఉన్న సందు చాలా సన్నం. అందులో ఉన్న నీళ్ళే దానికి కందెన, అవే చలువ. ఆ నీళ్ళు మారుతూ ఉండాలని కొన్ని పంపుల్లో సన్నని కాలువ విడిచిపెడతారు. సున్నం ముందు దాన్నే పూడుస్తుంది. రాపిడి పెరుగుతుంది, ప్రవాహం తగ్గుతుంది, కరెంటు వాడకం మాత్రం పెద్దగా తగ్గదు. అంటే పూడిన పంపు నీళ్ళు తోయడం మానేసి హీటర్ పని చేస్తోంది. చివరికి అయస్కాంతం బిగుసుకుపోయినా కాయిల్ వెంటనే కాలిపోదు. ఆగిపోయిన స్థితిలో కూడా కరెంటు హద్దు దాటకుండా ఉండేలా తీగని చుట్టారు. ఆగి, గురగురమంటూ, యజమాని వచ్చేదాకా ఓపిక పడుతుంది. కంటికి కనపడని ఆ జాగ్రత్త నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది.

శుభ్రం చేయడం తేలిక. రోటర్‌నీ ఇరుసునీ తెల్ల వెనిగర్‌లో గానీ సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో గానీ నానబెడితే పొర బుసబుసమని కరుగుతుంది. బావిని సన్నని బ్రష్‌తో తోమి, అంతా బాగా కడిగి పెట్టాలి. ఇరుసుని మాత్రం సింకు మీద గాక గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టుకోవాలి.

కొత్తగా డీసీ పంపులు వచ్చాయి. అడాప్టర్ గోడకి ఉంటుంది, లోపలి ఎలక్ట్రానిక్స్ రోటర్ ఎక్కడుందో కనిపెట్టి సరైన దిశలోనే తిప్పుతాయి. కాబట్టి వంపు రెక్కలు పెట్టొచ్చు, వేగం తగ్గించొచ్చు. అవే నీళ్ళు తోయడానికి తక్కువ వాట్లు చాలు, అడాప్టర్ వేడి తొట్టి దాకా రాదు. ఎండాకాలం కోణం నుంచి చూస్తే ఇవి మెరుగు, పెద్ద తొట్లకి నేను వీటినే చెబుతాను. కానీ లోపలి సర్క్యూట్ పాడైతే ఇంట్లో బాగుచేసుకునే దారి లేదు. పాత రకంలో అలా పాడయ్యే సర్క్యూటే లేదు. అరిగితే అరిగేవి రబ్బరు టోపీలు, విరిగితే విరిగేది ఇరుసు, కాలం తీరితే మార్చాల్సింది రెక్కల చక్రం, మూత కింద రబ్బరు రింగు. ఒక్కొక్కటీ విడిగా దొరుకుతుంది. పంపు మూత చేత్తో తిప్పితే వస్తుంది, రోటర్ రెండు వేళ్ళతో లాగితే వస్తుంది, మళ్ళీ పెట్టేటప్పుడు అయస్కాంతమే దాన్ని తన చోటికి లాక్కుంటుంది.